పాటిదిబ్బ రీడింగులు

1984 ఫిబ్రవరిలో కన్యక వాల్తేరు నుంచి పాలకొల్లు వచ్చింది. వెంట నాలుగు ఇనపకడ్డీలు, రెండు వైరు చుట్టలు, రేడియో అంత మీటరు పెట్టె ఉన్నాయి. రైలు దిగి రిక్షా మాట్లాడుకుని నేరుగా అత్తవారింటికి వెళ్ళింది. భర్త పోయి పదకొండు నెలలైంది. ఆమె ఆ గుమ్మం తొక్కి ఏడు నెలలైంది.

అత్తగారు సుబ్బాయమ్మ ఎదురొచ్చి పెట్టె వంక చూసింది.

"ఇదేంటమ్మాయ్, కుట్టుమిషనా?"

"కాదత్తయ్యా. నేల లోపల ఏముందో చూసే మిషను."

"నీళ్ళు పడతాయో లేదో చూస్తారు, అదేనా?"

"అదేనండి. ఈసారి నీళ్ళ కోసం కాదు. పాతకాలం గోడలేమైనా ఉన్నాయేమో చూడమన్నారు."

సుబ్బాయమ్మ కంచం పెట్టింది. కన్యక పెట్టినంతా తింది. ఏం కూరో తర్వాత అడిగితే చెప్పలేకపోయేది. ఆ పదకొండు నెలలుగా ఆమెకి అన్నీ అలాగే ఉన్నాయి. ఏడుపు రాలేదు. రాలేదని బాధా లేదు. చలికాలం పొద్దున్నే కాలవలో దిగినవాళ్ళకి కాసేపటికి కాళ్ళు ఉన్నట్టే తెలియదు చూడండి, మనిషి మొత్తం అలా అయిపోయింది.

పెళ్ళికి ముందు ఆమె వాల్తేరులో జియోఫిజిక్సు చదివింది. వ్యాపారస్తుల ఇళ్ళలో ఆడపిల్ల అంత చదవడం అప్పట్లో వింతే. గున్నేశ్వరరావు ఆ చదువు చూసే ఆమెని చేసుకున్నాడు. పాలకొల్లు బజార్లో వాళ్ళది ఎరువుల కొట్టు. 1983 మార్చిలో ఒక పొద్దున్న కొట్టు పని మీద నరసాపురం బయల్దేరాడు. అతనెక్కిన బస్సు కొత్తగరువు ఊరు ఇంకా రాకముందే లాకుల మలుపు దగ్గర కాలవలో పడిపోయింది. పంతొమ్మిది మంది పోయారు. అక్కడ ఒకవైపు కాలవ, ఇంకోవైపు చేలు, మధ్యన రెండు బళ్ళు తప్పుకోలేనంత రోడ్డు. అంతకు ముందు కూడా అక్కడ బళ్ళు పడ్డాయి గానీ ఇంతమంది పోలేదు.

నాలుగు నెలలయ్యాక వాల్తేరులో ఆమెకి చదువు చెప్పిన ప్రొఫెసరు ఉత్తరం రాశారు. లేబరేటరీలో తాత్కాలికంగా ఒక ఉద్యోగం ఉంది, చేస్తావా అని. మామగారు ఉత్తరం చదివి, "వెళ్ళమ్మా. ఇక్కడ కూర్చుని గోడలు చూసేం చేస్తావ్," అన్నారు.

బస్సు పడ్డాక ప్రభుత్వం కాలవగట్టు వదిలేసి చేల మీదుగా తిన్నగా కొత్త రోడ్డు వెయ్యడానికి ఒప్పుకుంది. ఆ దారిలో కొత్తగరువు పక్కన పాటిదిబ్బ ఉంది. తాతల కాలం నుంచీ రైతులు ఆ దిబ్బ మన్ను తవ్వి బళ్ళమీద చేలకి తోలుకునేవారు. పాత మన్ను చేలకి బలం. అలా తవ్విన గోతుల్లో కుండపెంకులు కనపడ్డాయని ఎవరో చెబితే పురావస్తు శాఖ ఆఫీసరొకాయన వచ్చి చూసి, రోడ్డు వేసేముందు లోపలేముందో తేల్చాలని రాశాడు. దిబ్బంతా తవ్వి చూసే వ్యవధి లేదు, మనుషులూ లేరు. అందుకని మిషను పంపమని వాల్తేరు రాశారు. కన్యకది పాలకొల్లే కాబట్టి ప్రొఫెసరు ఆమెని పంపారు. ఆ మలుపు సంగతి ఆయనకి గుర్తులేదో, ఉండే పంపారో ఆమె అడగలేదు.

మర్నాడు పొద్దున్న బయల్దేరుతుంటే సుబ్బాయమ్మ వెనకే వచ్చి, చిన్న స్టిక్కరు బొట్టు తీసి కోడలి నుదుటి మీద అంటించింది.

"పదిమంది మగాళ్ళలో తిరిగేదానివి. ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేకుండా ఉంటుంది."

కన్యక వద్దనలేదు.

బస్సు లాకుల మలుపు దగ్గర మెల్లగా తిరిగింది. ఆమె కాలవ వైపు కిటికీ పక్కనే కూర్చుంది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. గుర్రపుడెక్క అడ్డం పడి ఒక చోట ఆగింది. చూసింది, అంతే.

పాటిదిబ్బ దగ్గర జీపు ఆగి ఉంది. రోడ్ల శాఖ ఇంజనీరు చంద్రరావు నలభై ఏళ్ళవాడు, నెత్తిన టవలు కప్పుకుని నిలబడ్డాడు. ఆడమనిషి వస్తుందని అతనికెవరూ చెప్పినట్టు లేదు. ఆమె వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని బస్సు వంక చూశాడు.

"మీరేనాండి మేడం? మీరొక్కరేనా?"

"నేనేనండి. ముగ్గురు పనివాళ్ళు కావాలి."

"పెట్టాను. ఎన్ని రోజులు పడుతుందండి?"

"నాలుగైదు రోజులు."

"కాస్త తొందరగా కానివ్వండి మేడం. వచ్చే నెల టెండర్లు. మీ కాగితం రాగానే పని మొదలెట్టేస్తాం."

పనివాళ్ళు ముగ్గురిలో వీరమ్మ పెద్దది. యాభై దాటిన కూలిమనిషి, ఊరి చివర లూథరన్ గుడి పక్కన ఉంటుంది. మిగతా ఇద్దరూ ఆమె చెప్పినట్టే నడిచేవారు. పని సులువే. తాళ్ళు కట్టి దిబ్బని గళ్ళుగళ్ళుగా విడగొట్టారు. రెండేసి మీటర్లకి ఒక చోటు. ప్రతి చోటా నాలుగు కడ్డీలూ వరసగా గుచ్చాలి. బయటి రెండింటి గుండా కరెంటు పంపితే, నేల దాన్ని ఎంత అడ్డుకుంటోందో లోపలి రెండూ చెబుతాయి. తడి మట్టి కరెంటుని పోనిస్తుంది. ఇటుకా రాయీ అడ్డుకుంటాయి. దిబ్బ పైన నేల ఎండి ఉంది కాబట్టి వీరమ్మ చెంబుతో కడ్డీల మొదట్లో కాసిన్ని నీళ్ళు పోసేది. కన్యక మీటరు చూసి పుస్తకంలో అంకె వేసేది.

మొదటి రోజు నూట అరవై అంకెలు వేసింది. పన్నెండు, పదమూడు, పన్నెండు, పదకొండు. ఆ పని ఆమెకి బాగుంది. బాగుందంటే సంతోషమని కాదు. ఒక అంకె తర్వాత ఇంకో అంకె వస్తుంది. మధ్యలో ఎవరూ ఏమీ అడగరు.

రెండో రోజు మధ్యాహ్నం తాటాకు నీడలో అన్నాలు తింటున్నారు. మలుపు దగ్గర లారీ హారను కొట్టింది. వీరమ్మ అటు చూసి తల తిప్పుకుంది.

"నాకా హారను వింటే ముద్ద దిగదండి. బస్సు పడ్డ రోజు మేం ఆ చేలోనే కలుపు తీత్తన్నాం. ముందు హారనే ఇనపడిందండి. తర్వాత ఏం లేదు."

కన్యక ముద్ద కలుపుతూనే ఉంది. "నువ్వు చూశావా?"

"చూడ్డమేంటండీ? దిగాం కదా. మొగోళ్ళు బస్సులోంచి లాగి ఇత్తే మేం గట్టుమీదకి చేరేసేం. పదిమందిని నేనే పట్టుకున్నాను. ఆడోళ్ళకి మా పైటలు కప్పాం. తర్వాత చాలక గోనెసంచులు తెచ్చాం."

కన్యక కంచంలోకి చూస్తూ అడిగింది. "తెల్లచొక్కా ఆయనొకరు ఉన్నారా వీరమ్మా? కాస్త పొడుగు. కళ్ళజోడు."

వీరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. బొట్టు చూసింది. మళ్ళీ ముఖంలోకి చూసింది. ఏం అర్థం చేసుకుందో గానీ గొంతు తగ్గించింది.

"బురదండి. అందరూ ఒకే రంగులో ఉన్నారమ్మగారూ. కళ్ళజోళ్ళు ఎవరికీ లేవండి."

"అవును, ఉండవు," అంది కన్యక. కంచం కడుక్కుని మీటరు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం వీరమ్మ నీళ్ళచెంబు ఇంకొకళ్ళకిచ్చి, తనే వైరు చుట్ట భుజాన వేసుకుని కన్యక పక్కన నడిచింది. ఆ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

మూడో రోజు పదింటికి మీటరు ముల్లు ఒక్కసారి పైకి లేచింది. నలభై ఒకటి. కడ్డీ సరిగా దిగలేదేమోనని తీసి మళ్ళీ గుచ్చమంది. నలభై ఒకటే. పక్కది నలభై నాలుగు. దాని పక్కది మళ్ళీ పదమూడు. తర్వాతి వరసలో పెద్ద అంకె ఒక గడి పక్కకి జరిగింది. ఆ తర్వాత వరసలో ఇంకొక గడి. సాయంత్రమయ్యేసరికి నలభైలు వంపు తిరుగుతున్నాయని ఆమెకి తెలిసిపోయింది.

ఇంటికెళ్ళి దీపాలవేళకి వరండాలో గ్రాఫు కాగితం పరిచింది. అంకెలన్నీ వేసి, ఒకేలాంటి వాటిని పెన్సిలుతో కలుపుకుంటూ పోయింది. దాదాపు చక్కటి గుండ్రం సగానికి పైగా వచ్చింది. నాలుగో రోజు మిగతాది పూర్తయింది. ఇరవై నాలుగు మీటర్ల వెడల్పు చక్రం. దానికి ఒక పక్క తలుపు చట్రంలా పొడుచుకొచ్చిన భాగం. నేలలో ఇంత లెక్కగా గుండ్రం తనంతట తను రాదు. మనుషులు కట్టాలి.

సుబ్బాయమ్మ కాఫీ తెచ్చి కాగితం మీదికి వంగింది.

"ముగ్గులా ఉందేంటి?"

"కింద ఇటుక కట్టడం ఉందత్తయ్యా. చాలా పాతది. గుండ్రంగా కట్టారు."

"ఆ దిబ్బలోనా? మరి రోడ్డు?"

కన్యక ఆ గుండ్రం మధ్య నుంచి పెన్సిలుతో అడ్డంగా ఒక గీత గీసింది. సుబ్బాయమ్మ గ్లాసు కింద పెట్టి అక్కడే కూలబడింది.  కొడుకు పోయిన ఇంట్లో ఆ రోడ్డు గురించి ఎన్నిసార్లు మాట్లాడుకున్నారో. మామగారైతే కలెక్టరుకి వెళ్ళిన అర్జీ మీద మొదటి సంతకం చేశారు.

సుబ్బాయమ్మే అంది. "నీకు తెలిసింది నువ్వు రాయి. మావయ్యగారికి నేను చెబుతాలే."

అంతకు ముందు, ఆ నాలుగో రోజు మధ్యాహ్నమే దిబ్బ దగ్గరికి ఇంకొకాయన వచ్చాడు. జ్ఞానప్రకాశం, లూథరన్ మిషను స్కూలు మాస్టారు. సైకిలు స్టాండు వేసి, చేతులు కట్టుకుని, కన్యక ఆ వరస పూర్తి చేసేదాకా మాట్లాడకుండా నిలబడ్డాడు.

"నమస్కారమండి. పిల్లలు అడుగుతున్నారండి, అమ్మగారు భూమికి గుండె పరీక్ష చేస్తున్నారంట కదా అని."

"అలాంటిదేనండి మాస్టారూ."

"నేనొక మాట చెప్పడానికొచ్చాను. మా స్కూలికి ముప్పై మంది పిల్లలు ఆ గట్టుమీద నుంచే నడిచొస్తారు. నేనూ అటే. లారీ వస్తే పిల్లల్ని కాలవ వైపు వాలులోకి దింపి నిలబెడతాను. వాన పడితే ఆ వాలు జారుతుంది." ఆయన ఆగి దిబ్బ వైపు చూశాడు. "మాకు రోడ్డు కావాలండి. ఈ దిబ్బలో ఏముందో మాకు తెలీదు గానీ, ఆ కాలవలో ఏముందో తెలుసు."

"నేను చూసి చెప్పాల్సింది ఒక్కటేనండి. ఉందా లేదా అని."

"ఉందాండి?"

ఆమె తల దించుకుంది. మాస్టారు అర్థం చేసుకున్నాడు. సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు.

వీరమ్మ అప్పుడు అంది. "ఇటికలైతే నిజమేనండి అమ్మగారూ. మా గుమ్మం దగ్గర మెట్టు కింద ఒకటుంది. మా మావ ఈ దిబ్బ తవ్వినప్పుడు తెచ్చేడు. మూరెడు పొడుగుంటాది. ఇప్పుడలాంటివి ఎవరూ కాల్చరు." సాయంత్రం కన్యక వెళ్ళి చూసింది. అరచెయ్యి మందాన, వరిపొట్టు గుర్తులతో పెద్ద ఇటుక. ఇంక అనుమానమేమీ మిగల్లేదు.

ఐదో రోజు ఆమె చంద్రరావుతో చెప్పింది. అతను జీపు బానెట్టు మీద కాగితం పరిచి చాలాసేపు చూశాడు. కోపం తెచ్చుకోలేదు. అలిసిపోయినట్టు కనపడ్డాడు.

"మేడం, నేను చెడ్డవాణ్ణి కాదండి. మీకు తెలుసో తెలీదో, ఈ కాగితం ఇలాగే వెళ్తే పని ఆగిపోద్ది. వాళ్ళొచ్చి తవ్వాలి, రాసుకోవాలి. మేం దారి మార్చాలంటే మళ్ళీ నోటీసులు, మళ్ళీ భూములు తీసుకోవాలి. రెండేళ్ళు తక్కువ కాదు."

"పడమట ఎనభై మీటర్లు జరిపితే ఏమీ ఉండదనుకుంటున్నానండి. ఇంకో రోజుంటే అదీ చూసి రాస్తాను."

"చూడండి, రాయండి. రెండేళ్ళు మాత్రం తగ్గవు." అతను జీపులోంచి ఫైలు తీసి ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. "ఇది చూశాక చెప్పండి. ఈ రోడ్డు శాంక్షను కోసం నేనే తయారు చేశాను. ఆ ఒక్క రోజు పోయినవాళ్ళు. పేరు, వయసు, ఊరు. ఆస్పత్రికి వెళ్ళి ఒక్కొక్కటీ నా చేత్తో రాసుకున్నానండి. రీడింగులు స్పష్టంగా లేవని ఒక్క ముక్క రాయండి చాలు. అబద్ధం కూడా కాదది."

టైపు చేసిన కాగితం. కన్యక మొదటి నుంచీ చదివింది. ఏడో పేరు దగ్గర వేలు ఆగింది. గ్రంధి గున్నేశ్వరరావు, 31, ఎరువుల వ్యాపారం, పాలకొల్లు. అతని పేరు అచ్చులో చూడటం ఆమెకి శుభలేఖ తర్వాత ఇదే. మిగతా పన్నెండు పేర్లూ కూడా చదివి కాగితం తిరిగిచ్చింది.

"ఏడో ఆయన మావారండి."

చంద్రరావు కాగితం అందుకోబోయి ఆగిపోయాడు. ఆమె సంచి మీద రాసి ఉన్న పేరు చూశాడు. ఆ చుట్టుపక్కల గ్రంధివారు గంపెడుమంది. అతనికి ఆ ఆలోచనే రాలేదు.

"అమ్మా... నాకు తెలీదమ్మా. క్షమించండి." అప్పటిదాకా మేడం అన్నవాడు అమ్మా అన్నాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "మరి మీకు అనిపించట్లేదాండి? ఆ మలుపు పోవాలని?"

కన్యక ఆలోచించింది. అనిపించాలి. పదకొండు నెలల కింద అయితే అనిపించేది. ఇప్పుడు లోపల వెతికితే ఏమీ తగల్లేదు. మలుపు మీద కోపం లేదు, దిబ్బ మీద ప్రేమ లేదు. చూసింది చూసినట్టు రాయడం ఒక్కటే చేతికి వస్తోంది.

"నాకేం అనిపించట్లేదండి," అంది. "నలభై నాలుగు వచ్చిన చోట పదమూడని రాయలేను."

చంద్రరావు ఆ కాగితం ఫైల్లో పెట్టేసుకున్నాడు. ఆరో రోజుకి కూడా పనివాళ్ళని అతనే పెట్టించాడు. పడమటి చేలల్లో గట్ల వెంబడి కడ్డీలు గుచ్చుకుంటూ వెళ్ళారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క పెద్ద అంకె కూడా రాలేదు. దిబ్బ కింద గుండ్రటి ఇటుక కట్టడం ఉందని, పడమట ఎనభై మీటర్ల అవతల ఏమీ లేదని, రోడ్డు అటు జరపవచ్చని రిపోర్టు రాసి, సంతకం పెట్టి, వాల్తేరు వెళ్ళిపోయింది.

చంద్రరావు చెప్పినట్టే అయింది. పని ఆగింది. పురావస్తు శాఖవాళ్ళు ఒక వేసవంతా తవ్వి, మూరెడు ఇటుకలతో కట్టిన గుండ్రటి పునాది బయటపెట్టి, దిబ్బ చుట్టూ ముళ్ళకంచె వేశారు. కొత్త భూములకి నోటీసులు వెళ్ళాయి. బస్సులు లాకుల మలుపు మీదుగానే తిరుగుతున్నాయి. కన్యక వాల్తేరులో ఉద్యోగం చేసుకుంటోంది. నెలకోసారి సుబ్బాయమ్మ ఉత్తరం వచ్చేది. నెలకోసారి జవాబు రాసేది.

1985 సెప్టెంబరులో వచ్చిన ఉత్తరంలో కింద రెండు వాక్యాలున్నాయి. 'మొన్న వానల్లో మలుపు దగ్గర మిషను స్కూలు మాస్టారు పోయారు. పిల్లల్ని వాలులోకి దింపి తను దిగబోతుంటే లారీ తగిలిందట, పిల్లలకేం కాలేదు.'

కన్యక ఉత్తరం మడిచి డ్రాయరులో పెట్టింది. ఆ రోజు చెయ్యాల్సిన లెక్కలు చేసింది. మర్నాడూ చేసింది. మూడో రోజు సెలవు రాసిచ్చి రైలెక్కింది.

వీరమ్మ ఆమెని మాస్టారి ఇంటిదాకా తీసుకెళ్ళింది. పెంకుటిల్లు, ముందు చిన్న అరుగు. జ్ఞానప్రకాశం భార్య సంపూర్ణమ్మ తెల్లచీరలో కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

"ఎవరు వీరమ్మా?"

"దిబ్బ కొలిచిన అమ్మగారండి," అంది వీరమ్మ. అని, వాకిట్లో ఆగిపోయింది.

సంపూర్ణమ్మ కన్యకని చాలాసేపు చూసింది. కన్యక నిలబడే ఉంది. దారి పొడుగునా ఏం అనాలో అనుకుంటూ వచ్చింది. ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"కూర్చోండి," అంది సంపూర్ణమ్మ. "మా ఆయన మిమ్మల్ని తిట్టుకునేవారండి. మీకు అబద్ధం చెప్పను. వాన పడ్డ ప్రతిరోజూ తిట్టుకునేవారు."

"తిట్టుకుంటారండి."

"నేనూ తిట్టుకున్నాను. ఈ పది రోజుల్లో లారీవాణ్ణీ, మిమ్మల్నీ, ప్రభువునీ కూడా." ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. గొంతు కూడా మామూలుగానే ఉంది. "మీరొస్తారనుకోలేదు."

వాకిట్లో వీరమ్మ మెల్లగా అంది. "ఆ అమ్మగారి పెనిమిటీ ఆ మలుపులోనే పోయాడండి, అప్పుడు పడ్డ బస్సులో. మాస్టారికి తెలీదు."

సంపూర్ణమ్మ లేచి లోపలికెళ్ళి రెండు గ్లాసులతో మంచినీళ్ళు తెచ్చింది. తనొకటి తాగింది. ముందున్న కాగితాలు కన్యక వైపు తిప్పింది.

"పింఛను కాగితాలండి. అంతా ఇంగ్లీషు. స్కూలువాళ్ళు నింపి పెడతామన్నారు గానీ, ఈయన గారి సంగతులు ఎవరో నింపుతుంటే చూస్తూ కూర్చోలేను. మీరు రాస్తారా? నేను చెబుతాను."

కన్యక పెన్ను తీసింది. గున్నేశ్వరరావు కాగితాలు మామగారే చూసుకున్నారు. ఆమె ఒక్క సంతకం మాత్రం పెట్టింది, అదీ చూపించిన చోట. ఇప్పుడు ఒక్కొక్క గడీ చదివి అడిగి రాసింది. పూర్తి పేరు. పుట్టిన తేదీ. ఉద్యోగంలో చేరిన తేదీ. సంపూర్ణమ్మ తడుముకోకుండా చెబుతోంది. చనిపోయిన తేదీ రాసింది. చనిపోయిన చోటు దగ్గర చెయ్యి ఆగింది. 

"లాకుల మలుపు," అంది సంపూర్ణమ్మ, ఆమెకి తెలియదేమో అన్నట్టు.

కన్యక రాసింది. అక్షరాలు పక్కకి ఒరిగాయి.

"మీకు కోపం వస్తుందాండి?" సంపూర్ణమ్మ హఠాత్తుగా అడిగింది. "ఆయన మీద? నాకు వస్తోంది. ముప్పై మంది పిల్లల్ని దింపిన మనిషి తను ముందు దిగితే ఏం పోయింది? ఇలా అంటే పాపమని పాస్టరు గారు అన్నారు."

కన్యక లేదని చెప్పబోయింది. రెండున్నరేళ్ళుగా ఎవరేమడిగినా ఏమీ లేదనే చెబుతోంది. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"రైలుకి వెళ్ళమన్నానండి. నరసాపురానికి రైలుంది కదా. ఎనిమిదింటికుంది. అరగంట ఆగాలి, అంతే. అరగంట ఎవరాగుతారు, బస్సుకి పోతాను అన్నారు. ఆ అరగంట కూర్చుని కాఫీ తాగొచ్చు కదండీ. నేను కలిపాను కూడా. గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయారు." ఆమె గొంతు పెరిగింది. "తాగి వెళ్ళొచ్చు కదా!"

 కన్యక చేతిలో పెన్ను కింద పెట్టింది. ముఖం చేతుల్లో దాచుకుంది. ఏడుపు సరిగా రాలేదు. చాలాకాలం వాడని గొంతు పలికినట్టు, మధ్యమధ్య తెగిపోతూ, గట్టిగా, చూసేవాళ్ళకి ఇబ్బందిగా వచ్చింది. వీరమ్మ అరుగెక్కి పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. సంపూర్ణమ్మ కన్నీళ్ళు కాగితాల మీద పడకుండా వాటిని పక్కకి లాగి పెట్టింది.

కాసేపటికి కన్యక ముఖం తుడుచుకుంది. "ఇంకా రెండు పేజీలున్నాయండి," అంది.

"ఉంటే ఉన్నాయి. తినేసి రాద్దాం," అని సంపూర్ణమ్మ వంటింట్లోకి నడిచింది. చేపల పులుసు వాసన వచ్చింది. కన్యక వాళ్ళింట్లో చేప తినరు. సంపూర్ణమ్మకి ఆ సంగతి తెలిసే ఉంటుంది, ఆమెకి విడిగా అన్నం, పెరుగు, నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. ఊరగాయ పుల్లగా, ఉప్పెక్కువై, నాలుక మీద మండింది. కన్యక అడిగి ఇంకాస్త వేయించుకుంది.

కొత్త రోడ్డు 1987 వేసవిలో పూర్తయింది. దిబ్బకి పడమట ఎనభై మీటర్ల దూరంగా, వరిచేల మధ్య నుంచి వెళ్ళింది. ప్రారంభానికి చంద్రరావు కార్డు పంపాడు గానీ, ఆ రోజుల్లో కన్యక పెద్దాపురం అవతల ఏదో ఊళ్ళో బోరుబావుల కోసం నీళ్ళు చూస్తోంది. వెళ్ళలేకపోయింది. జూన్‌లో బడులు తెరిచాక సంపూర్ణమ్మకి ఒక ఉత్తరం రాసింది. పిల్లలు ఇప్పుడు ఎటు నుంచి నడిచొస్తున్నారని అడిగింది. కాలవగట్టు వదిలేసి, చేలకి అడ్డంపడి కొత్త రోడ్డు మీదుగా వస్తున్నారని, బురద కాళ్ళతోనే తరగతిలోకి వచ్చేస్తున్నారని, కొత్త మాస్టారు కేకలేస్తున్నాడని జవాబు వచ్చింది.